కరువు సీమలో వరద సంచి: అర్ధగంటలో ఇల్లు వదలాల్సి వస్తే ఏం పట్టుకోవాలి, ఏం వదిలేయాలి



ఈసారి వీడియోలో జీవామృతం లేదు, కషాయం లేదు. ఒక సంచి ఉంది. మా ఇంట్లో తలుపు పక్కన కొయ్యకు తగిలించిన సంచిని కిందికి దించి, అందులో ఉన్న ప్రతి వస్తువూ చాప మీద పరిచి చూపించాను. అది ఎందుకు పెట్టుకున్నామో, ఏది ఎంత పెట్టాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వీడియో చూశాక ఇది చదివి, ఒక కాగితం మీద మీ ఇంటి జాబితా రాసుకోండి.

"కర్నూలు, కడపల్లో వరద సంచి ఏమిటి సామీ, మనకు తాగడానికే నీళ్లు లేవు" అని నవ్వేవాళ్లు ఉంటారు. ఆ నవ్వే మనకు ప్రమాదం. కోస్తావాళ్లకు తుఫాను అలవాటు. సైరన్ మోగితే ఎటు పోవాలో వాళ్లకు తెలుసు. మనం ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకాశం వంక చూస్తూ గడుపుతాం. నీళ్లు వచ్చే రోజుకు మన దగ్గర ఏ ఏర్పాటూ ఉండదు.

మన సీమలో జరిగినవే

2009 సంగతి గుర్తు చేసుకోండి. ఖరీఫ్ మొదట్లో వానల్లేక చేలు ఎండిన ఏడాది అది. సెప్టెంబరు చివర్లో ఎగువన కర్ణాటకలోనూ, ఇక్కడ మన దగ్గరా ఒక్కసారిగా కుండపోత. అక్టోబరు 2, గాంధీ జయంతి నాడు కర్నూలు నగరం మునిగింది. తుంగభద్ర, హంద్రీ కలిసే చోటున్న ఊరు కదా, రెండు వైపులా నీళ్లే. మిద్దెల మీదికెక్కిన జనం నీళ్లు తీసేదాకా అక్కడే ఉండిపోయారు. మంత్రాలయం మఠంలోకీ నీళ్లొచ్చాయి. శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులైతే, నీళ్లు దాన్ని దాటి పైకి పోయాయి.

కడప వైపు 2021 నవంబరు 19. కార్తీక పౌర్ణమి రోజులు. బాహుదా, పింఛా కలిసి చెయ్యేరు అవుతాయి కదా. ముందు పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లు కింద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మీద పడ్డాయి. సుమారు 2.17 లక్షల క్యూసెక్కులు వదలగలిగే స్పిల్‌వే మీదికి 3 లక్షలకు పైగా వచ్చి పడితే మట్టి కట్ట ఆగలేదు. తెల్లవారుజామున పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఊళ్ల మీద చెయ్యేరు పడింది. పదుల సంఖ్యలో మనుషులు పోయారు. గొడ్లు కొట్టాల్లోనే పోయాయి. మాగాణి మీద ఇసుక మేట వేసింది. అదే వానలకు కమలాపురం దగ్గర పాపాగ్ని వంతెన కూలింది. కడప టౌనుకైతే బుగ్గవంక ఏం చేయగలదో 2001లోనూ, 2020లో నివర్ తుఫానప్పుడూ తెలిసింది.

నిన్నమొన్నటిది కూడా ఒకటి ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వాన లేదు, తుఫాను లేదు. ఒక్క గేటు పోయినందుకు మన వైపు ఏటి పక్క ఊళ్లకు హెచ్చరికలు వచ్చాయి.

ఈ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది. మన నెత్తిన పడిన వాన కంటే ఎగువ నుంచి వచ్చిన నీళ్లే ఎక్కువ దెబ్బ తీశాయి. కాబట్టి మన ఊళ్లో మబ్బు లేదని ధీమాగా పడుకోలేం. ఏటికి, వంకకు, చెరువు కట్టకు కింద ఉన్న ప్రతి ఇంటికీ ఈ సంచి కావాలి.

మూట కట్టడం మనకు కొత్త కాదు

ఆదోని, ఆలూరు, కోసిగి వైపు నుంచి ఏటా సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయేవాళ్లను చూడండి. నెలల సంసారాన్ని రెండు మూటల్లో కడతారు. పిండి, ఉప్పు, కారం, చెంబు, దుప్పటి, రేషన్ కార్డు. ఏది అవసరమో, ఏది బరువో వాళ్లకు తెలిసినట్టు పుస్తకాలు రాసేవాళ్లకు తెలియదు. జపాన్‌లో భూకంపాల భయంతో ఇంటింటా తలుపు దగ్గర ఇలాంటి సంచి పెట్టుకుంటారు. మనది సద్దిమూట, వాళ్లది అత్యవసర సంచి, అంతే తేడా.

కాకపోతే సుగ్గికి పోయేవాళ్లకు సర్దుకోవడానికి వారం టైముంటుంది. వరద అర్ధగంట ఇస్తే గొప్ప. అదీ చీకట్లో, కరెంటు లేకుండా. అందుకే సంచి ముందే కట్టి ఉండాలి. లెక్క ఇది: అర్ధగంటలో బయటపడాలి, మూడు రోజులు ఎవరి సాయం లేకుండా బతకాలి.

సంచిలో ఏముండాలి

పిల్లల పాత స్కూలు బ్యాగు చాలు. భుజాలకు తగిలించుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ కవరు వేయండి. ఒక్కో సంచి 8 కిలోలు దాటొద్దు. (యూరియా సంచి గట్టిగా ఉంటుందిలే అంటారేమో, మన ఇళ్లల్లో అది దొరకదు కదా!)

1. కాగితాలు: ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుబుక్కు, ఈ-పంట రసీదు, పంట బీమా కాగితం, పిల్లల పదో తరగతి సర్టిఫికెట్లు. జిప్పు కవరులో పెట్టి, దాన్ని ఇంకో కవరులో పెట్టండి. అన్నింటికీ ఫొటో తీసి వేరే ఊళ్లో ఉన్న కొడుక్కో, కూతురికో, బావమరిదికో పంపి ఉంచండి.

2. మందులు: బీపీ, షుగరు, ఫిట్స్ మాత్రలు వారానికి సరిపడా. ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఫ్రిజ్ లేనప్పుడు ఎలా ఉంచాలో డాక్టరును ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు, గాయాలకు కట్టు గుడ్డ, అయోడిన్ మందు. పొట్లాలు అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. కొలత చెంచా అంచుకు సమానంగా ఉండాలి.

3. నీళ్లు: మనిషికి కనీసం 2 లీటర్లు, పైన క్లోరిన్ మాత్రలు. చుట్టూ నీళ్లున్నా తాగేందుకు గుక్కెడు ఉండవు.

4. తిండి: పొయ్యి అక్కర్లేనివే. బొరుగులు, పప్పులు, బెల్లం, వేయించిన శనక్కాయలు, ఎండిన జొన్న రొట్టెలు, వేయించిన రాగిపిండి. సంగటి ముద్ద ఒక పూటకే. చంటిపిల్లలుంటే వాళ్లది వేరే పొట్లం.

5. వెలుగు, పిలుపు: టార్చి, విడిగా బ్యాటరీలు, పవర్ బ్యాంకు, ఒక విజిల్. మిద్దె మీద అరిచి అరిచి గొంతు పోతుంది, విజిల్ పోదు. పది ఫోను నెంబర్లు కాగితం మీద రాసి పెట్టండి. ఫోను చచ్చిపోతే నెంబర్లు ఎవరికీ గుర్తుండవు.

6. డబ్బు: చిన్న నోట్లు. టవరు పడిపోతే ఫోను పే పని చేయదు.

7. బట్టలు: ఒక్కో జత, ఒక దుప్పటి, ఆడవాళ్లకు నెలసరి గుడ్డలు, ముసలివాళ్ల కళ్లద్దాలు.

8. పది పన్నెండు బారల గట్టి తాడు.

కషాయాల సీసాలు మాత్రం సంచికి దూరంగా పెట్టండి. అగ్నిఅస్త్రం, నీళ్లు ఒకే రకం సీసాల్లో పోసే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది. చీకట్లో ఎవరు ఏది పట్టుకుంటారో తెలియదు.

మన సంచిలో అదనంగా: విత్తనం

ఇది ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు ప్రత్యేకం. హైబ్రిడ్ వేసే రైతు విత్తనం పోతే అంగడికి పోతాడు. మన నాటు కొర్ర, మన సద్ద, మన పచ్చజొన్న, తాత నాటి కంది ఏ అంగట్లో దొరుకుతాయి? ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు. నలభై ఏళ్లు మన చేనుకు అలవాటు పడిన విత్తనం పోతే పోయినట్టే.

చిరుధాన్యాల విత్తనం తేలిక. కొర్ర ఎకరాకు 2 కిలోలు చాలు. అరకిలో పెట్టుకున్నా పావు ఎకరా వేసుకోవచ్చు. ఆ పావు ఎకరా పండితే మరుసటి ఏటికి మీకే కాదు, పక్కవాళ్లకూ విత్తనం ఉంటుంది. బాగా ఎండబెట్టి, జల్లించిన బూడిద కలిపి, మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ సీసాలో నింపండి. పేరు, పండిన ఏడాది రాయండి. ఏటా కొత్త పంట రాగానే మార్చండి. సొర, బీర, కాకర, బెండ గింజలు గుప్పెడు చాలు.

శనక్కాయ విత్తనం ఇలా మోయలేం, ఎకరాకు అరక్వింటా పైనే కావాలి. దానికి ఒకటే దారి. మెట్ట మీద ఉన్న ఊళ్లో బంధువు ఇంట్లో ఒక మూట దాచి, వాళ్ల మూట మీ ఇంట్లో పెట్టుకోండి. ఒకే కప్పు కింద అంతా పెట్టొద్దు.

గొడ్ల సంగతి

అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే, అందుకే వీడియోలో ఎక్కువసేపు చూపించాను. గొడ్డుకు ఈత ఎవరూ నేర్పక్కర్లేదు. దాన్ని ముంచేది మెడకున్న పలుపుతాడు. కొట్టంలోకి నీళ్లు వచ్చేసరికి ముడి తడిసి బిగుస్తుంది, చేత్తో విప్పలేరు. అందుకే ఒక పదునైన కొడవలి కొట్టం గుంజకు, మన ఛాతీ ఎత్తున, ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి. ఆ కొడవలి గడ్డి కోయడానికి తీయకూడదు. పలుపు మెడ దగ్గరికి కోసేయండి. పొడవు తాడు వదిలితే ఈదేటప్పుడు కంపకు తగులుకుంటుంది. రెండింటిని కలిపి కట్టి తోలొద్దు. టైముంటే గుట్ట వైపు తోలండి, లేకపోతే వదిలేసి మీరు బయటపడండి.

ప్రతి గొడ్డుకూ ముందు నుంచి, పక్క నుంచి ఫొటో, చెవి పోగు మీద ఉన్న 12 అంకెల నెంబరు కాగితాల కవరులో ఉండాలి. 2022–23 నుంచి 2025–26 దాకా కేంద్రం పెట్టిన విపత్తు సాయం ప్రమాణాల ప్రకారం చనిపోయిన పాడి ఆవుకు, గేదెకు 37,500, ఎద్దుకు 32,000, గొర్రెకు, మేకకు 4,000 రూపాయలు. ఆ డబ్బుకు మంచి ఎద్దు రాదు, నిజమే. అయినా ఆ గొడ్డు మీదేనని చూపించలేకపోతే ఆ కాస్త కూడా అందడం కష్టం.

వానల ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించండి. వరద తీశాక తడిసి బూజు పట్టిన శనగ కట్టె గొడ్లకు వేయొద్దు. పారబోయడానికి మనసొప్పదు, కానీ ఆ బూజు విషం.

ఎవరు ఏం చేయాలి

సంచి ఉంటే సరిపోదు, పని పంచుకోవాలి. మా ఇంట్లో ఇలా రాసి గోడకు అంటించాం: అమ్మ చేతిలో మందుల పొట్లం, ఆమె పక్కన పెద్దపాప. నా భార్య దగ్గర కాగితాల సంచి, చిన్నోడు. నేను కరెంటు మెయిన్ ఆపి, గ్యాస్ కట్టేసి, కొట్టంలోకి. కలుసుకునే చోటు గుట్ట మీద గుడి. ఒక రాత్రి లైట్లు ఆర్పి చేసి చూశాం. మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది, మూడోసారికి ఎనిమిది.

మూడు పనులు చేయొద్దు. ఒకటి, మోటారు విప్పుకొద్దామని చేను దగ్గరికి పోవద్దు. రెండు, పారే వంకను బండి మీద దాటొద్దు. మోకాలి లోతే కదా అనిపిస్తుంది, ఆ లోతు పారే నీళ్లు మనిషిని పడేస్తాయి. మూడు, నీళ్లు తీశాక కట్టె లేకుండా ఇంట్లో చెయ్యి పెట్టొద్దు. పాములు మనకంటే ముందే మిద్దె, అటక ఎక్కి ఉంటాయి. కాటు పడితే గట్టిగా కట్లు కట్టకండి, కోయకండి. కదలకుండా పడుకోబెట్టి 108కి చేయండి.

నెంబర్లు: అత్యవసరానికి 112, జిల్లా కంట్రోల్ రూముకు 1077, రాష్ట్ర కంట్రోల్ రూముకు 1070, పశువుల అంబులెన్సుకు 1962.

ఎప్పుడు సరిచూసుకోవాలి

కర్నూలు వైపు తుంగభద్ర భయం ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. కడప వైపు తుఫాను వానల భయం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి ఏడాదికి రెండుసార్లు చాలు. ఏరువాక పున్నమికి ఒకసారి, దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు ఇంకోసారి. ఎట్లాగూ ఆరోజు కొడవలి, పలుగు, పార అన్నీ కడిగి బొట్టు పెడతాం. ఆ వరసలోనే సంచి దించి, పాత బొరుగులు తీసి కొత్తవి పోసి, మాత్రల తేదీ చూసి, బ్యాటరీలు మార్చి, కొట్టం కొడవలికి పదును పెట్టి మళ్లీ తగిలించండి.

ఖర్చు పెద్దగా కాదు, చాలావరకు ఇంట్లో ఉన్నవే. ఈ ఆదివారం ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. ముందు కొట్టంలో కొడవలి కట్టండి, తర్వాత కాగితాలు, ఆ తర్వాత మిగతావి. మీ సంచిలో ఏ నాటు విత్తనం పెట్టుకున్నారో వీడియో కింద రాయండి. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరు పంపుకుంటే, ఏ ఏరు ఏ ఊరిని ముంచినా ఆ విత్తనం ఎక్కడో ఒకచోట బతికే ఉంటుంది.