తొలగిపోయిన ఇరువది పుటలు

పండ్రెండవ తరగతి విద్యార్థులకై ఎన్.సి.ఇ.ఆర్.టి. సంస్థవారు 2007లో వెలువరించిన స్వతంత్ర భారత రాజకీయ పాఠ్యపుస్తకమున ఏడవ అధ్యాయము ప్రజోద్యమములను గూర్చినది. హిమాలయ సానువులలో గొడ్డలివేటునకు అడ్డుపడి చెట్లను కౌగిలించుకొన్న స్త్రీలు, మహారాష్ట్రపు దళిత పాంథరులు, సముద్రతీరపు మత్స్యకారులు, నర్మదాలోయ నిర్వాసితులు - ఇట్టివారి నడుమ మన తెలుగు పల్లెల ఆడవారికిని అందు సముచిత స్థానము లభించినది. చిత్తూరు జిల్లా గుండ్లూరు గ్రామమున స్త్రీలు ఒకచోట గుమిగూడి, తమ ఊర సారా అమ్మరాదని తీర్మానించుకొని, ఆ మాట అమ్మకందారునకు తెలియజెప్పి, సారా ప్యాకెట్లు మోసుకొని వచ్చు జీపును వెనుకకు మరలించిన వృత్తాంతమును, 1992 అక్టోబరునాటి ఈనాడు వార్త ఆధారముగా, ఆ పుస్తకకర్తలు దేశమందలి బాలబాలికలందరికిని వినిపించిరి. కంట్రాక్టరు తన మనుష్యులను పంపెను, పోలీసులను రప్పించెను, ఆ స్త్రీలు చలింపకుండుటచే పోలీసులును వెనుదిరిగిరి.

ఈ ఉద్యమమునకు పుట్టినిల్లు నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యతా కార్యక్రమపు రాత్రిబడికి వచ్చిన కూలిజనపు స్త్రీలు వాచకములోని సీతమ్మ కథను కూడబలుకుకొని చదువుచు, దినమంతయు ఎండలో చెమటోడ్చి తెచ్చిన డబ్బు సంజవేళకు సారా అంగడిపాలగుటను గూర్చియు, ఆ పిమ్మట తమ వీపులపై పడు దెబ్బలను గూర్చియు మొదటిసారిగా పదిమందిలో నోరు విప్పి మాటలాడుకొనిరి. ఊరిలోని అంగడి మూతపడెను. సంగతి ఊరూర ప్రాకి, నెల్లూరు జిల్లా సారాపాటలు పదునేడు పర్యాయములు వాయిదాపడెను. తుదకు, కర్నూలు జిల్లావాడే యైన కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా నుండగా, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో నందమూరి తారక రామారావు సంపూర్ణ మద్యనిషేధమును అమలుపరచెను. రెండేండ్లకే ఆ నిషేధము సడలినమాట నిజము. అయినను, రాత్రిబడిలో ఒక పాఠము చదివిన నిరుపేద స్త్రీలు ప్రభుత్వాదాయమునకే ఆయువుపట్టైన వ్యాపారమును కూలద్రోసిన ఉదంతము ఆధునికాంధ్ర చరిత్రలో మరియొకటి లేదని నా దృఢాభిప్రాయము.

ఆ అధ్యాయము నేడు పుస్తకమున లేదు. కరోనా కాలమున కుంటుపడిన చదువులను చక్కదిద్దుటకై భారము తగ్గించుచున్నామని చెప్పి 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి.వారు ప్రకటించిన తొలగింపుల పట్టికలో 128వ పుట మొదలు 147వ పుట వరకు, ఇరువది పుటల ఆ అధ్యాయము సాంతముగా చేరినది. అదే పట్టికను అనుసరించి పదవ తరగతి పౌరశాస్త్రమునుండి ప్రజాస్వామ్యమును వైవిధ్యమును గూర్చిన పాఠమును, ప్రజాపోరాటముల పాఠమును తొలగిపోయినవి. పండ్రెండవ తరగతి చరిత్రనుండి మొగలాయి ఆస్థానముల అధ్యాయము, రాజకీయ శాస్త్రమునుండి 2002 నాటి గుజరాతు అల్లర్ల ప్రస్తావన, పదవ తరగతి విజ్ఞానశాస్త్రమునుండి జీవపరిణామ సిద్ధాంతము సైతము లోపించినవి. పరిణామ సిద్ధాంతమును పునరుద్ధరింపుడని 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు బహిరంగలేఖపై సంతకములు చేసిరి. రాజకీయ పాఠ్యపుస్తకములకు ముఖ్య సలహాదారులుగా నుండిన యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్శీకర్‌లు 2023 జూనులో, ఇట్లు ఛిన్నాభిన్నమైన పుస్తకములపై తమ పేళ్లు ఉండరాదని కోరిరి.

బాలురపై చదువుల బరువు అధికమనుట ఎవరును కాదనలేని సంగతి, బరువు దింపవలసినదే. కాని దింపిన మూటలో ఏమేమి కలవో విప్పిచూచినచో, కులము, మతభేదము, బీదల ప్రతిఘటనము అనునవియే అందు మిక్కుటముగా కానవచ్చుచుండ, కేవలము బరువునే చూచితిమను సమాధానము నా మనస్సునకు ఎక్కుట లేదు. ఈ దోషము ఒక్క పక్షమునకే అంటగట్టుటయు న్యాయము కాదు. జనతా ప్రభుత్వకాలమున రామశరణ శర్మ రచించిన ప్రాచీన భారత చరిత్ర పుస్తకమును 1978లో పాఠ్యప్రణాళికనుండి తప్పించిరి. కాంగ్రెసు ప్రభుత్వకాలమున, 2012లో, అంబేద్కరును గూర్చిన పాతకాలపు వ్యంగ్యచిత్రముపై పార్లమెంటున కలకలము రేగగా పాఠ్యపుస్తకములకు కత్తెర పడినది. పీఠమెక్కినవారెవరైనను బడిపుస్తకముపై చేయి వేయక మానుట లేదు.

ఢిల్లీలో పడిన ఈ కత్తెర కర్నూలు, కడప జిల్లాలను ఎట్లు తాకునని పాఠకులు అడుగవచ్చును. ఇచ్చటి కేంద్రీయ విద్యాలయములు, బనవాసి నవోదయ విద్యాలయము, పట్టణములందలి సి.బి.ఎస్.ఇ. బడులు ఆ పుస్తకములనే చదువుచున్నవి. ఇటీవలి సంవత్సరములలో రాష్ట్రప్రభుత్వపు ఉన్నత పాఠశాలలలోనికిని ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రణాళిక ప్రవేశించినది. తమ ఊరి గుడిని, దర్గాను, బురుజును అర్థము చేసికొనుటకు ఇచ్చటి బాలునకు ఆ చరిత్ర అంతయు అవసరము. హంద్రి ఒడ్డున అబ్దుల్ వహాబు సమాధియైన గోల్‌గుమ్మజు ప్రక్కగా దినదినము బడికి నడచు పిల్లవానికి, బీజాపురము ఏమి, మొగలాయి ఏమి, కందనవోలు నవాబుల చేతికి ఎట్లు వచ్చినది అను ప్రశ్నలు ఇంటిప్రశ్నలు. ఉగాదినాడు ముసల్మానులు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శించుకొను ఆచారమును, వీరబ్రహ్మముగారికి దూదేకుల సిద్ధయ్య ప్రియశిష్యుడగుటయు పుట్టిన నేల ఇది.

పాఠము పోయిన పిదప తరగతి గదిలో జరుగునదేమి? చరిత్ర ఎచ్చటికిని పోదు. గ్రంథాలయమున పాతప్రతులు కలవు, పోటీపరీక్షలకు చదువు యువకులు ఆ పాత ముద్రణలనే వెదకి కొనుచున్నారు. పోవునది ఉపాధ్యాయుని అధికారము. పాఠము పుస్తకమున ఉన్న నాడు, "మీ ఊర్లో సారా అంగడి ఎవురు మూపిచ్చినారు, మీ అవ్వనో జేజినో అడుక్కోని రాండి" అని ఆయన నిర్భయముగా ఇంటిపని ఈయగలడు. అడిగివచ్చిన బిడ్డ మరునాడు చెప్పు నాలుగు మాటలలో కూలి రేట్లు, దెబ్బలు, పోలీసు జీపు, ఊరి పెద్దరికము అన్నియు తరగతిలోనికి వచ్చును. పాఠము లేని నాడు అదే ప్రశ్న రాజకీయమగును. తండ్రులలో ఒకడు ప్రధానోపాధ్యాయుని గదికి వచ్చి, సారు పాఠము మాని ఏవేవో మాటలాడుచున్నాడని ఫిర్యాదు చేసినచో, ఎత్తిచూపుటకు ఆయన చేతిలో పుటసంఖ్య లేదు. ఎవరును నిషేధింపకయే ఆయన మాట తగ్గించుకొనును. విద్యార్థులు ఆయనకంటె ముందే తగ్గించుకొందురు: "అది పోర్షన్లో ల్యాదు సార్, పరీక్షకు రాదు" అను ఒక్క మాటతో పాఠము ముగియును. పాత పుస్తకము దొరికిన పిల్లలు ఆ పుటలపై పెన్సిలుతో అడ్డగీత గీసికొని ముందుకు సాగుదురు.

ఈ నష్టము అందరికిని సమానము కాదు. ఇంట పత్రికలు, పుస్తకములు, చదివిన తల్లిదండ్రులు గల బిడ్డ విడిచిన పాఠమును మరియొకచోట ఏరుకొనగలడు. ఆలూరు, కోసిగి ప్రాంతములనుండి తల్లిదండ్రుల వెంట గుంటూరు మిరపతోటలకు సుగ్గికి పోయి తిరిగివచ్చు పిల్లకు బడిపుస్తకమే సర్వస్వము. 2011 జనాభాలెక్కల ననుసరించి కర్నూలు జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు సగమునకు లోపే; అనగా ఆ పిల్ల తల్లికి చదువు రాకపోవుటయే పరిపాటి. చదువురాని స్త్రీలు అక్షరము నేర్చి ఏమి సాధించిరో తెలుపు పాఠము అట్టి పిల్ల చేతినుండి తొలగుటకంటె క్రూరమైన తొలగింపు నేనూహింపలేను.

దీనికి ఉపాయము లేకపోలేదు. కేరళ ప్రభుత్వము 2023 ఆగస్టులో, తొలగించిన భాగములను చేర్చి, పదునొకండు, పండ్రెండు తరగతులకు అనుబంధ పాఠ్యపుస్తకములను ప్రకటించినది. మన రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలియు అట్టి పుస్తకమొకటి సిద్ధపరచవచ్చును. సారా ఉద్యమము మనదే కనుక, కేరళమువారికంటె మనకు ఆ బాధ్యత అధికము. కర్నూలు చేరువ బి. తాండ్రపాడు శిక్షణ సంస్థలో ఉపాధ్యాయవృత్తికి సిద్ధమగు యువతీయువకులను పల్లెలకు పంపి, రాత్రిబడులలో చదివిన స్త్రీల నోటిమాటలను వ్రాయించి, ఆ వ్రాతలనే స్థానికచరిత్ర పాఠములుగా కూర్చుటకు పెద్ద ధనముతో పనిలేదు. 1992లో ముప్పదేండ్ల వయస్సుగల స్త్రీకి ఇప్పుడు అరువది దాటినవి. ఆ పని ఈ వేసవిలోనే మొదలు కావలెను.