మీకు తెలుసా? రాతినారను పట్టిచ్చేది బూడిద రంగొక్కటే కాదు

కలమల్ల, ఎర్రగుంట్ల వైపు నేల తవ్వితే వచ్చేది నాపరాయి. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద అది. గట్టిపడిందే గానీ నిప్పు సెగ తగల్లేదు. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లి వైపు వెళ్తే రాయి తీరే వేరు. అక్కడ వేంపల్లె డోలమైట్ పొరల మధ్యకు శిలాద్రవం చొరబడి డోలరైట్‌గా గడ్డకట్టింది. ఇలా పొరల మధ్య గడ్డకట్టిన రాతి పలకను సిల్ అంటారు. ఆ ప్రాంతంలోనే ఉన్న పులివెందుల సిల్ వయసు సుమారు 188 కోట్ల ఏళ్ళు. ఆ శిలాద్రవం సెగకు, వేడినీళ్ళకు డోలమైట్‌లోని మెగ్నీషియం సిలికాతో కలిసి సర్పెంటైన్ అయింది. దాని నార రూపమే క్రైసోటైల్, మనం రాతినార అనేది.

రాయిలో అది ఉందని ఎలా తేలుస్తారు? చిన్న బిళ్ళ కోసి, గాజు పలకకు అంటించి, 0.03 మిల్లీమీటర్ల మందం మిగిలేదాకా అరగదీస్తారు. కోసేటప్పుడు నీళ్ళు పోస్తూనే ఉండాలి. రాతినార దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం కావచ్చు. మందం కుదిరిందో లేదో పక్కనున్న పలుగురాయి రేణువే చెబుతుంది: ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ ఫిల్టర్ల మధ్య అది లేత బూడిద, తెలుపు రంగుల్లో కనిపించాలి. పసుపు తిరిగితే ఇంకా అరగదీయాలి.

ఇప్పుడు సూక్ష్మదర్శినిలో చూద్దాం. ఒక్క పోలరాయిడ్‌తో చూస్తే సర్పెంటైన్‌కు దాదాపు రంగుండదు, ఉన్నా లేత ఆకుపచ్చే. రెండోది అడ్డం పెట్టగానే డోలమైట్ ముత్యంలా లేత గులాబీ, లేత పచ్చ మెరుపులతో వెలుగుతుంది. మధ్యలో సన్నటి చార మాత్రం బూడిద రంగులోనే ఉండిపోతుంది. ఆ చారలో ఈ గోడ నుంచి ఆ గోడకు దువ్వెన పళ్ళలా పోగులు నిలబడి ఉంటాయి. పీఠం తిప్పండి. పోగులు కంటి కటకంలో కనిపించే నిలువు గీతకు సరిగ్గా సమాంతరంగా రాగానే అన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. 45 డిగ్రీలు తిప్పితే మళ్ళీ వెలుగుతాయి. పూర్తి చుట్టులో నాలుగుసార్లు ఇదే వరస. రంగు కన్నా నాకు ఈ ఆరిపోవడం మీదే నమ్మకం ఎక్కువ.

ఎందుకంటే ట్రెమొలైట్ కూడా పోగుల్లాగే పెరుగుతుంది. అది మామూలుగా నీలం, పసుపు రంగుల్లో మెరుస్తూ, గీతకు పదిహేను ఇరవై డిగ్రీలు వాలుగా ఉన్నప్పుడు ఆరుతుంది. మరీ సన్నటి పోగులైతే అదీ నిటారుగానే ఆరి మోసం చేస్తుంది. అప్పుడు ఎక్స్‌రేకో, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికో పంపక తప్పదు. క్రైసోటైల్ అసలు రూపం బయటపడేది కూడా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కిందే: ఒక్కో పోగూ చాప చుట్టినట్టు తనలోకి తాను చుట్టుకున్న బోలు గొట్టం.