డ్రోన్ ఎగరకముందు ఈ బూడిదరంగు పలకకి ఫొటో ఎందుకు తియ్యాలి?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో డ్రోన్ ఎగరదు. ముందే చెప్పేస్తున్నా, గాల్లోంచి తీసిన షాట్ల కోసం వచ్చినవాళ్ళు తిట్టుకోకండి. ఇవాళ మాట్లాడేది ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ పలక గురించి. అరచేతి కంటే కొంచెం పెద్దది, బూడిదరంగు, పక్కన ఒక క్యూఆర్ కోడ్. చూడ్డానికి బాత్రూమ్ టైల్ ముక్కలా ఉంటుంది, ధర మాత్రం టైల్ ధర కాదు. దీన్ని రిఫ్లెక్టెన్స్ ప్యానెల్ అంటారు. దీనికి ఒక్క ఫొటో తియ్యకపోవడం వల్ల మా బాబాయి చేత అనవసరంగా యూరియా బస్తాలు కొనిపించినంత పని చేశాను. ఆ సంగతితోనే మొదలుపెడతా.

మాది తెనాలి వైపు. సార్వాలో మా చుట్టుపక్కల ఎక్కువమంది బీపీటీ 5204, అదే సాంబ మసూరి వేస్తారు. బాబాయికి నాలుగెకరాలు. నేనేమో మల్టీస్పెక్ట్రల్ కెమెరా ఉన్న డ్రోన్ అద్దెకి తెచ్చి, "బాబాయ్, నీ చేను ఎక్కడ ఆకలిగా ఉందో మ్యాపు వేసి చూపిస్తా" అని గొప్పలు పోయాను. మొదటి ఫ్లైట్ మంచి ఎండలో, పదకొండున్నరకి. మ్యాపు పచ్చగా వచ్చింది. 12 రోజుల తర్వాత మళ్ళీ ఎగరేశా. ఆ రోజు ఆకాశం నిండా మబ్బు. మ్యాపు తీస్తే సగం చేను పసుపు, అక్కడక్కడ నారింజ. బాబాయి ఫోన్‌లో అది చూసి, "ఏరా అబ్బాయ్, పన్నెండు రోజుల్లో చేను ఇంత నీరసించిందా?" అన్నాడు. సాయంత్రానికి ఎకరానికి ఇంకో బస్తా యూరియా వేసేద్దామని కూర్చున్నాడు.

సాంబ మసూరికి అవసరం లేకుండా నత్రజని ఎక్కించడం చిన్న తప్పు కాదు. అసలే అగ్గి తెగులుకి తట్టుకోలేని రకం. నత్రజని ఎక్కువైతే అగ్గి తెగులు పెరుగుతుంది, దోమపోటు పెరుగుతుంది, పైరు మెత్తబడి గాలివానకి పడిపోతుంది. బస్తా డబ్బు పోవడం అందులో చిన్న నష్టం. మరి చేనుకి నిజంగా ఏమైంది? ఏమీ కాలేదు. మారింది ఎండ.

ఇది అర్థం కావాలంటే మీ ఫోన్‌తో మొదలుపెడదాం. ట్యూబ్‌లైట్ కింద తెల్ల చొక్కా ఫొటో తీసినా, సాయంత్రం ఎండలో తీసినా చొక్కా దాదాపు తెల్లగానే వస్తుంది కదా. నిజానికి సాయంత్రం వెలుతురు పసుపు. ఫోన్ తనంతట తానే ఊహించి రంగు సర్దేస్తుంది, దాన్నే వైట్ బ్యాలెన్స్ అంటాం. మనకి అందంగా ఉంటే చాలు కాబట్టి ఆ ఊహ సరిపోతుంది. పొలం కొలవడానికి వెళ్ళిన కెమెరా మాత్రం ఊహించకూడదు. అక్కడ కావాల్సింది అందం కాదు, అంకె.

మల్టీస్పెక్ట్రల్ కెమెరాలో ఒక లెన్స్ ఉండదు, నాలుగో ఐదో ఉంటాయి. ఒక్కోటి ఒక్కో రంగు పట్టీని మాత్రమే చూస్తుంది. ఉదాహరణకి డీజేఐ మావిక్ 3 మల్టీస్పెక్ట్రల్‌లో ఆకుపచ్చ 560 నానోమీటర్లు, ఎరుపు 650, రెడ్ ఎడ్జ్ 730, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 860. ఈ చివరిది మన కంటికి కనబడదు. టీవీ రిమోట్ బటన్ నొక్కుతూ దాని ముందు భాగాన్ని ఫోన్ సెల్ఫీ కెమెరాకి చూపించండి, చాలా ఫోన్లలో చిన్న వెలుగు మినుకుమంటుంది. అది కూడా ఇన్‌ఫ్రారెడే.

ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు వెలుగుని తినేస్తుంది, ఎందుకంటే పత్రహరితానికి అది కావాలి. నూటికి నాలుగైదు పాళ్ళే తిప్పి పంపుతుంది. నియర్ ఇన్‌ఫ్రారెడ్ దానికి అక్కర్లేదు, నూటికి నలభై, యాభై పాళ్ళు తిప్పి కొడుతుంది. ఈ తేడా మీదే ఎన్‌డీవీఐ లెక్క నిలబడింది: ఇన్‌ఫ్రారెడ్‌లోంచి ఎరుపు తీసెయ్యి, ఆ రెండిటి మొత్తంతో భాగించు. 1972లో లాండ్‌శాట్ 1 ఎగిరాక ఆ డేటా మీద పనిచేసినవాళ్ళు వాడుకలోకి తెచ్చిన లెక్క ఇది, ఇప్పుడు మన పొలం గట్టు మీదకి వచ్చింది.

చిక్కు ఎక్కడంటే, కెమెరాకి ఆకు ఎంత శాతం తిప్పి కొట్టిందో తెలీదు. తనదాకా ఎంత వెలుగు వచ్చిందో మాత్రమే తెలుసు. ఆ వచ్చిన వెలుగులో ఆకు గుణం ఉంది, ఆ నిమిషంలో ఉన్న ఎండ గుణం కూడా కలిసి ఉంది. రెండిటినీ విడదియ్యాలి. అందుకే, ఎంత తిప్పి కొడుతుందో మనకి ముందే తెలిసిన వస్తువు ఒకటి అదే ఎండలో పెట్టి ఫొటో తీస్తాం. ఆ వస్తువే ఈ పలక. ల్యాబ్‌లో కొలిచి, ప్రతి రంగు పట్టీకి దీని విలువ ఎంతో రాసి ఇస్తారు. ఇలాంటివి చాలావరకు సుమారు 50 శాతం తిప్పి కొట్టేలా చేస్తారు. ప్రతి పలకకీ దాని సొంత అంకెలు ఉంటాయి, సీరియల్ నంబర్‌తో సహా. స్నేహితుడి పలక అరువు తెచ్చుకుంటే దాని అంకెల ఫైల్ కూడా తెచ్చుకోవాలి.

ఇప్పుడు లెక్క చేద్దాం. అర్థం కావడం కోసం గుండ్రటి అంకెలు తీసుకుంటున్నా, ఎక్స్‌పోజర్, గెయిన్ సర్దుబాట్లు అయిపోయాయి అనుకోండి. ఎండ రోజున పలక మీద కెమెరా చదివింది ఎరుపులో 1000, ఇన్‌ఫ్రారెడ్‌లో 800. ఆకు మీద చదివింది ఎరుపులో 80, ఇన్‌ఫ్రారెడ్‌లో 640. పలక లేకుండా నేరుగా ఎన్‌డీవీఐ వేస్తే, 640లోంచి 80 తీస్తే 560, దాన్ని 720తో భాగిస్తే 0.78. మబ్బు రోజున వెలుగు తగ్గడమే కాదు, కలబోత కూడా మారుతుంది, ఎరుపుతో పోలిస్తే ఇన్‌ఫ్రారెడ్ ఇంకా ఎక్కువ తగ్గుతుంది. పలక మీద ఎరుపు 400, ఇన్‌ఫ్రారెడ్ 280 అనుకుందాం. అదే ఆకు, ఏ మార్పూ లేని ఆకు, ఇప్పుడు 32, 224 ఇస్తుంది. ఎన్‌డీవీఐ 0.75. ఆకు మారలేదు, అంకె పడిపోయింది.

ఇప్పుడు పలకతో. 1000 అంటే 50 శాతం అని తెలుసు కాబట్టి, 80 అంటే 4 శాతం. 800 అంటే 50 శాతం, కాబట్టి 640 అంటే 40 శాతం. మబ్బు రోజున 400 అంటే 50 శాతం, 32 అంటే మళ్ళీ 4 శాతమే. 280కి 50 శాతం, 224కి 40 శాతమే. రెండు రోజులూ ఎన్‌డీవీఐ 0.82. అంతే. ఇంత చిన్న త్రైరాశికం. ఎనిమిదో తరగతి పిల్లాడు చేస్తాడు, సాఫ్ట్‌వేర్ అదే పని ప్రతి పిక్సెల్‌కీ చేస్తుంది.

"0.78కీ 0.75కీ అంత తేడా ఏముంది అన్నా" అంటారా? ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మ్యాపు రంగులు సాఫ్ట్‌వేర్ తనకి తోచినట్టు సాగదీస్తుంది. ఆ ఫ్లైట్‌లో ఉన్న అతి తక్కువ విలువకి ఎరుపు, అతి ఎక్కువకి పచ్చ. లేదా నాలాగా మొదటి ఫ్లైట్ స్కేలే రెండోదానికి పెట్టారనుకోండి, 0.03 తేడాకే పచ్చ కాస్తా పసుపు అయిపోతుంది. రైతు అంకె చూడడు, రంగు చూస్తాడు. చూపించే మనం అంకె చూడాలి.

సరే, ఫొటో తియ్యడం ఎలా? పలకని నేల మీద సమతలంగా పెట్టండి. గట్టు వాలు మీద కాదు, చెట్టు పక్కన కాదు, తెల్ల కారు పక్కన అసలే కాదు, దాని వెలుగు వచ్చి పలక మీద పడుతుంది. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడి, ఒకడుగు పక్కకి జరిగి, డ్రోన్‌ని పలకకి సుమారు మీటరు ఎత్తులో పట్టుకోండి. మీ నీడ గానీ, డ్రోన్ నీడ గానీ పలక మీద ఉండకూడదు. మెరిసే రంగు చొక్కా వద్దు. నవ్వకండి, ఆ చొక్కా ఎరుపు పలక మీద పడి కెమెరాకి కనిపిస్తుంది. రెండు మూడు ఫొటోలు తియ్యండి, ఎగరకముందు ఒకసారి, దిగాక ఇంకోసారి. బ్యాటరీ మార్చడానికి దిగినప్పుడు కూడా తీస్తే ఇంకా మంచిది. మిట్ట మధ్యాహ్నానికి రెండు గంటలు అటూ ఇటూ ఎగరేస్తే నీడలు తక్కువ.

పలక నీడలో ఉండిపోతే ఏమవుతుంది? పలక చీకటిగా కనిపిస్తుంది, అది 50 శాతం అని సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది, దాంతో చేను మొత్తాన్ని పైకి లేపేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో 40 శాతం ఉండాల్సిన వరి 80 చూపిస్తుంది. కాబట్టి మ్యాపు వచ్చాక ముందు ఎన్‌డీవీఐ చూడకండి, ఒక్కో పట్టీ విలువలు చూడండి. వరి ఆకు ఇన్‌ఫ్రారెడ్‌లో 80, 90 కొట్టిందంటే అనుమానించాల్సింది వరిని కాదు. పలక మరీ ప్రకాశంగా ఉండి ఫొటో తెల్లగా కాలిపోయినా ఇలాంటి తప్పే వస్తుంది.

చాలామందికి వచ్చే ఆలోచన, ఏ4 కాగితం పెడితే పోదా? పోదు. తెల్లగా మెరవడానికి కాగితంలో కలిపే పదార్థాలు వేరే వెలుగుని నీలంగా మార్చి పంపుతాయి. కంటికి బూడిదరంగులా ఉన్నది ఇన్‌ఫ్రారెడ్‌కి కూడా బూడిదరంగే అవ్వాలని లేదు. కొన్ని నల్ల బట్టలు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో తెల్లగా వెలుగుతాయి, రంగు అద్దకం అలాంటిది. పలక గొప్పతనం అది అన్ని పట్టీల్లోనూ దాదాపు ఒకేలా, ఏ కోణం నుంచి చూసినా మెరుపు లేకుండా తిప్పి కొట్టడం. అందుకే దాని మీద వేలు పెట్టకూడదు. వేలిముద్ర, దుమ్ము, ఏళ్ళ తరబడి ఎండ, అన్నీ దాని అంకెని మారుస్తాయి. పనైపోగానే కవర్‌లో పెట్టెయ్యండి. గట్టు మీద టీ గ్లాసు కింద పెట్టినవాణ్ణి నేను చూశాను, పేరు చెప్పను.

ఇది రైతు డ్రోన్లకే పరిమితమైన బాధ కాదు. లాండ్‌శాట్ 8, సెంటినెల్ 2 లాంటి ఉపగ్రహాలు కూడా తమ వెంట సూర్యకాంతిని చెదరగొట్టే పలకలు మోసుకెళ్ళాయి. 2004లో మార్స్ మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లకి గడియారం ఆకారంలో ఒక కాలిబ్రేషన్ టార్గెట్ ఉంది. అక్కడి ఎర్రటి ఆకాశం కింద రాయి అసలు రంగేమిటో తెలియాలంటే వాళ్ళకీ తెలిసిన రంగు ఒకటి పక్కన ఉండాలి కదా.

పలక చెయ్యలేని పని ఒకటుంది. అది ఫొటో తీసిన నిమిషం సంగతే చెబుతుంది. డ్రోన్ ఇరవై నిమిషాలు ఎగురుతుంటే మధ్యలో మబ్బు వచ్చి పోయిందనుకోండి, దానికి తెలీదు. అందుకే డ్రోన్ నెత్తిన ఆకాశం వైపు చూసే సన్ సెన్సర్ ఉంటుంది, ఫొటో ఫొటోకీ పైనుంచి పడే వెలుగు రాసుకుంటుంది. రెండూ కావాలి. అయినా మబ్బు తునకలు పరిగెత్తే రోజున నన్నడిగితే ఎగరెయ్యకపోవడమే మేలు. పూర్తి ఎండైనా ఫర్వాలేదు, పూర్తి మబ్బైనా ఫర్వాలేదు, దోబూచులాడే ఎండే ఇబ్బంది.

నా విషయంలో పలకా లేదు, సన్ సెన్సర్ కేబుల్ కూడా సరిగ్గా తగిలించలేదు. రెండూ నా తప్పే. ఆ సాయంత్రం బాబాయిని ఆపి, ఆకు రంగు పట్టిక పట్టుకుని ఇద్దరం చేలోకి దిగాం. అది పేద్ద టెక్నాలజీ ఏం కాదు, పచ్చ రంగు గీతలున్న ప్లాస్టిక్ బద్ద, ఆకుని పక్కన పెట్టి పోల్చడమే. తమాషా ఏంటంటే దాన్ని మన ఒంటి నీడలోనే చదవాలి, పలకకేమో నీడ తగలకూడదు. మ్యాపులో పసుపు వచ్చిన చోట పది ఆకులు, పచ్చ వచ్చిన చోట పది ఆకులు చూశాం. తేడా లేదు. "అయితే నీ ఫోన్‌కే పచ్చకామెర్లు వచ్చాయన్నమాట" అన్నాడు బాబాయి. బస్తా ఆగిపోయింది.

మర్నాడు పలక సంపాదించి మళ్ళీ ఎగరేశా. ఆ మ్యాపు బాగానే వచ్చింది, కాలవ వైపు మూల మాత్రం నిజంగానే కొంచెం వెనకబడి ఉంది, అక్కడ ఆకు పట్టిక కూడా అదే చెప్పింది. ఆ మూలకి మాత్రం కాస్త యూరియా చల్లాడు. కానీ మొదటి ఫ్లైట్‌తో దాన్ని పోల్చడం ఇక కుదరదు, ఆ రోజు పలక ఫొటో లేదు కాబట్టి. ఆ ఫోల్డర్ ఇంకా నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఎన్‌డీవీఐ గుబురు వరిలో ఎందుకు చేతులెత్తేస్తుందో, అక్కడ రెడ్ ఎడ్జ్ ఎలా పనికొస్తుందో చూద్దాం. ఈలోపు ఎవరి దగ్గరైనా పలక ఉంటే, దాని అంకెల ఫైల్ ఎక్కడ పెట్టారో ఒకసారి వెతికి చూసుకోండి.