అరచేతిలో లేని నేరం

ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్‌గారు ఇచ్చిన అంశంలో రెండు ముక్కలున్నాయి. ఒకటి చేయి చూసి చెప్పే జోస్యం. రెండోది స్వలింగ ప్రేమికులకు సంబంధించిన చట్టాలపై విదేశాల ఒత్తిడి. రెండూ ఎక్కడైనా కలుస్తాయా అని వెతికితే సుప్రీంకోర్టు తీర్పొకటి కనిపించింది. 2013 డిసెంబర్ 11న వెలువడిన ఆ తీర్పు పేరు ‘సురేశ్ కుమార్ కౌశల్ వర్సెస్ నాజ్ ఫౌండేషన్’. పేరులో ముందున్న కౌశల్ ఢిల్లీకి చెందిన జ్యోతిష్కుడు.

నాజ్ ఫౌండేషన్ వేసిన కేసులో, స్వలింగ ప్రేమ నేరం కాదని ఢిల్లీ హైకోర్టు 2009 జులై 2న తీర్పు చెప్పింది. వారం తిరిగేసరికి కౌశల్ సుప్రీంకోర్టుకెక్కారు. ఆ తర్వాత మత సంస్థలూ, మరికొందరూ వచ్చి చేరారు. గ్రహాలతో గీతలతో నిత్యం పనిచేసే వ్యక్తి, ఎవరి పుట్టుక వారిదని అందరికంటే ముందు ఒప్పుకోవాల్సిన వ్యక్తి, ఆ పుట్టుకనే నేరంగా ఉంచమని అడగడం నన్ను కదిలించింది. అందుకే ఈ కథనంలో ఎక్కువ చోటు ఆ తీర్పుకే ఇస్తున్నాను.

హస్తసాముద్రికం మీద నాకు నమ్మకం లేదు. తల్లి కడుపులో మూడో నెలకే పడే చర్మపు ముడతలు పాతికేళ్ల తర్వాత జరిగే పెళ్లిని చెబుతాయంటే ఒప్పుకోలేను. కానీ చేయి చూసేవాళ్లంటే అభిమానం ఉంది. చేయి చాపి కూర్చున్న మనిషి ఇంట్లో చెప్పలేనివన్నీ అక్కడ చెప్పుకుంటాడు. ఆ వినే ఓపిక గొప్పది. ఉక్కు కర్మాగారంలో పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డ మన ఇళ్లలో ఇప్పటికీ వినిపించే మాట ఒకటుంది: “మావోడికి పెళ్లెప్పుడవుద్ది, సెయ్యి సూడండి పంతులుగారూ.” పంతులుగారు చిటికెన వేలి కింద, హృదయరేఖకు పైన ఉన్న చిన్న గీత చూస్తారు. వివాహరేఖ అంటారు దాన్ని. ఆ పిల్లవాడి మనసు ఎవరి మీద ఉందో ఆ గీతలో ఉండదు. అడిగితే వాడే చెప్పాలి.

మళ్లీ తీర్పు దగ్గరికి వద్దాం. జస్టిస్ సింఘ్వి తన పదవీ విరమణ రోజున చదివిన తీర్పది. హైకోర్టు తీర్పును కొట్టేసి, స్వలింగ ప్రేమను మళ్లీ నేరం చేసింది. ఢిల్లీ హైకోర్టు ఇతర దేశాల తీర్పుల మీద ఎక్కువగా ఆధారపడిందనీ, వాటిని కళ్లు మూసుకుని ఇక్కడ వర్తింపజేయలేమనీ అందులో ఉంది. స్వలింగ ప్రేమికులు జనాభాలో అత్యల్పులనీ, 150 ఏళ్లలో శిక్షాస్మృతిలోని 377 సెక్షన్ కింద విచారణకు వచ్చినవారు 200 మంది కూడా లేరనీ అందులోనే ఉంది. కేసులు తక్కువ కాబట్టి బాధ తక్కువనుకోవడం అన్యాయం. 2001లో లక్నోలో ఎయిడ్స్ నివారణకు తిరుగుతున్న కార్యకర్తల్ని ఇదే సెక్షన్ చూపి జైల్లో పెట్టారు. ఇంట్లో చెప్పేస్తామని బెదిరించి డబ్బు గుంజినవాళ్ల లెక్క ఏ కోర్టు రికార్డులోనూ ఉండదు.

ఆ తీర్పులో నన్ను ఎక్కువసేపు ఆపినవి రెండు. మొదటిది, అప్పటి అటార్నీ జనరల్ వాహనవతి వాదన. 377 సెక్షన్ మన విలువల్లోంచి పుట్టింది కాదనీ, వలస పాలకులు తమ నీతి ప్రకారం మనమీద రుద్దిందనీ ఆయన కోర్టుకు చెప్పారు. రెండోది, కోర్టుకు వచ్చినవారిలో స్వలింగ ప్రేమికుల తల్లిదండ్రులు ఉండటం. మా పిల్లల్ని నేరస్థులనకండి అని కన్నవాళ్లు సుప్రీంకోర్టులో నిలబడ్డారు. పిల్లల చేతులు పట్టుకుని జోస్యం అడిగేవాళ్లూ, ఆ పిల్లల కోసం న్యాయం అడిగేవాళ్లూ ఒకే రకం ఇళ్లలోంచి వచ్చినవాళ్లే. ఆ తల్లిదండ్రుల మొర ఆ రోజు ఫలించలేదు.

ఇక విదేశాల ఒత్తిడి. తీర్పు వచ్చిన మర్నాడే, 2013 డిసెంబర్ 12న, న్యూయార్క్‌లో మన దౌత్యవేత్త దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేశారు. పనిమనిషి వీసా, జీతం వివాదం అది. దేశమంతా మండిపడింది. అప్పుడు మన జార్ఖండ్‌లోని హజారీబాగ్ ఎంపీ, విదేశాంగ మంత్రిగా కూడా పనిచేసిన యశ్వంత్ సిన్హా ఒక డిమాండ్ చేశారు. భారత్‌లో ఉన్న అమెరికా దౌత్యవేత్తల స్వలింగ సహచరుల్ని 377 కింద అరెస్టు చేసి జైల్లో వేయాలన్నారు. సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. రెండు దేశాల తగవులో ఆ తగవుతో ఏ సంబంధమూ లేని మనుషుల ప్రేమ ఆయుధమైపోయింది. ఆ సెక్షన్ ఎంత ప్రమాదకరమో చెప్పడానికి నాకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఆ సెక్షన్ చరిత్ర క్లుప్తంగా: బ్రిటిష్ పాలనలో మెకాలే లా కమిషన్ ముసాయిదా నుంచి వచ్చిన శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులోని 377 కింద యావజ్జీవ శిక్ష కూడా వేయడానికి వీలుండేది. ఇంగ్లండ్, వేల్స్ 1967లోనే తమ చట్టం మార్చుకున్నాయి. మనం 2018 సెప్టెంబర్ 6 దాకా ఆగాం. ఆ రోజు నవతేజ్ సింగ్ జోహార్ కేసులో ఐదుగురు జడ్జీలూ ఒక్కమాటగా కౌశల్ తీర్పును కొట్టేశారు.

విదేశీయులు నొక్కితేనే ఇదంతా జరిగిందనేవాళ్లకు ఒక్క విషయం గుర్తుచేస్తాను. 377ను తీసేయమని 2000 మార్చిలోనే 172వ నివేదికలో లా కమిషన్ సిఫారసు చేసింది. అప్పటికి నాజ్ ఫౌండేషన్ కోర్టుకు వెళ్లనే లేదు. ఆ కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి, మన తెలుగువాడు. ఆ తర్వాత పోరాడి గెలిచిన జోహార్ భరతనాట్య కళాకారుడు. ఒత్తిడి ఇంటిలోపలి నుంచే వచ్చింది. అందుకే నిలబడింది.

బాక్స్: కీరో చూసిన చేయి

బస్టాండు పుస్తకాల కొట్లలో కీరో పేరు తెలియనివారుండరు. ఐర్లండ్‌వాడు. చేయి చూసే విద్య భారతదేశంలో నేర్చుకున్నానని చెప్పుకునేవాడు. లండన్‌లో ఒక విందులో తెర వెనక నుంచి చాపిన రెండు చేతులు చూసి, ఎడమది రాజుగారిదనీ, కుడిది తనను తానే దేశం నుంచి వెళ్లగొట్టుకునే రాజుదనీ చెప్పానని తర్వాత రాసుకున్నాడు. ఆ చేతులు రచయిత ఆస్కార్ వైల్డ్‌వి. 1895లో వైల్డ్‌కు స్వలింగ సంబంధాల నేరం కింద రెండేళ్ల కఠిన శిక్ష పడింది. 1900లో 46 ఏళ్లకే పారిస్‌లో చనిపోయాడు. ఆయన్ను జైలుకు పంపింది 1885లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం.

బాక్స్: ఉగాండాలో ఏమైంది

2023 మేలో ఉగాండా స్వలింగ సంబంధాలపై కఠిన చట్టం తెచ్చింది. కొన్ని సందర్భాల్లో మరణశిక్ష కూడా ఉంది. ఆగస్టులో ప్రపంచ బ్యాంకు కొత్త రుణాలు ఆపింది. అధ్యక్షుడు ముసెవెనీ లొంగేది లేదన్నారు. 2024 ఏప్రిల్‌లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చట్టాన్ని చాలావరకు సమర్థించింది.

మన దగ్గర పని పూర్తి కాలేదు. హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ పెళ్లి హక్కు అడిగితే, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు అది పార్లమెంటు తేల్చాల్సిన విషయమంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 లాంటి సెక్షనే లేదు. స్వలింగ ప్రేమను ‘మారుస్తాం’ అంటూ చికిత్స చేయడం వైద్యులకు వృత్తి దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. జంషెడ్‌పూర్‌లోని కద్మాలో, సోనారీలో, బిష్టుపూర్‌లో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు నా విన్నపం ఇదే. పెళ్లొద్దని మీ పిల్లలు అంటే పంతులుగారి దగ్గరికో, డాక్టరు దగ్గరికో లాక్కెళ్లే ముందు, ఎందుకని అడగండి. చెప్పేది చివరిదాకా వినండి.