పాత రేడియో కమ్మదనం ఎక్కడిది?

కడప ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ దగ్గర ముల్లు నిలిపితే కడప, కర్నూలు పల్లెల్లో వార్తలూ పాటలూ పలికేవి. ఆనాటి కొయ్యపెట్టె వాల్వు రేడియోను దాచుకున్నవాళ్లు దాని గొంతు కమ్మగా ఉంటుందంటారు. ఆ మాటలో మమకారం కొంత ఉన్నా, మిగతాది కొలిచి చూపగలిగిందే.

మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. పక్క స్టేషను చొరబడకుండా రేడియో తాను పట్టే పరిధిని కుదించుకుంటుంది. అందువల్ల సుమారు 4,500 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వని బాగా సన్నగిల్లుతుంది. పడుచు చెవి 20,000 దాకా వినగలదు. తాళాల గలగల, సకారాల బుస తగ్గితే పాడేవాళ్ల గొంతు నిండుగా ముందుకొస్తుంది.

రెండో కారణం నాకు మరీ ఇష్టం. స్పీకరును ఒకే వాల్వు నడిపే సెట్లలో, ధ్వని పెంచినకొద్దీ ఆ వాల్వు అసలులో లేని స్వరాలను కాస్త కలుపుతుంది. వాటిలో ముఖ్యమైనది రెట్టింపు పౌనఃపున్యం: 200 హెర్ట్జ్ షడ్జం పలికితే 400 కూడా తోడవుతుంది. అది తారస్థాయి షడ్జమే కదా! మూడు రెట్లయితే ఆపై పంచమం. కొలతకు ఇవి దోషాలు, చెవికి మాత్రం శ్రుతిలో ఉన్న తోడు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ శక్తికి మించి మోగితే అల తల తెగినట్టవుతుంది, శ్రుతికి కుదరని పై స్వరాలు చేరి గరగర పుడుతుంది.

అయితే పాత సెట్టు మందంగా పలికితే అదంతా కమ్మదనమే అనుకోకూడదు. మన సీమలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పెట్టె లోపల వాల్వుల వేడి దానికి తోడు. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ లోపలి ద్రవం క్రమంగా ఆరిపోతుంది; వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల లెక్క. ఆరినకొద్దీ హమ్ పెరుగుతుంది. చివరి వాల్వుకు ముందున్న కాగితపు కండెన్సర్ లీకైతే మరీ ప్రమాదం: వాల్వు గ్రిడ్‌కు పాజిటివ్ వోల్టేజి చేరి, కరెంటు మితిమీరి, పాట బొంగురుపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఏళ్లుగా వాడని సెట్టును నేరుగా కరెంటుకు పెట్టకండి. మెకానిక్కు చేత ముందు ఈ కండెన్సర్లు మార్పించి, సీరీస్ బల్బు పెట్టి వెలిగించమనండి. వెనక అట్టకున్న రంధ్రాల దుమ్ము దులిపి, గోడకు జానెడు ఎడంగా ఉంచండి.

చాలా సెట్లకు వెనక గ్రామఫోన్ పికప్ సాకెట్టు ఉంటుంది. దానికి ఫోను కలిపి, పులివెందుల ప్రాంతపు బి.ఎన్.రెడ్డి తీసిన ‘మల్లీశ్వరి’ (1951)లో భానుమతి పాట పెట్టి చూడండి. అప్పుడు స్టేషన్ల ఇరుకు ఉండదు. వినిపించేది వాల్వు, స్పీకరు, కొయ్యపెట్టె కలిసి ఇచ్చే రంగు మాత్రమే. కానీ యూఎల్84 వంటి, ‘యూ’తో మొదలయ్యే వాల్వులున్న ఏసీ-డీసీ సెట్లకు ఈ పని వద్దు. వాటి ఛాసిస్ నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది, ఫోను తీగ పట్టుకున్న చేతికి షాక్ కొడుతుంది.