నెక్రోసిస్: బతికున్న శరీరంలో కణజాల మృతి

ఆసుపత్రి రిపోర్టులో 'నెక్రోసిస్' అనే మాట కనిపిస్తే చాలామంది దాన్ని ఒక వ్యాధి పేరు అనుకుంటారు. అది వ్యాధి పేరు కాదు. రక్తం అందకపోవడం, గాయం, విషం, సూక్ష్మజీవులు, ఇలా ఏ కారణం వల్లనైనా, మనిషి బతికి ఉండగానే శరీరంలో ఒక భాగంలోని కణాలు చనిపోవడాన్ని నెక్రోసిస్ అంటారు. గ్రీకు భాషలో 'నెక్రోస్' అంటే శవం. తెలుగులో దీన్ని 'కణజాల మృతి' అనవచ్చు. 'కణజాల క్షయం' అని కూడా అనవచ్చు గానీ, క్షయ అనగానే మనకు టి.బి. గుర్తుకొస్తుంది కనుక ఆ మాట వాడకపోవడమే మేలు.

కణాలు చనిపోవడం వింతేమీ కాదు. తల్లి గర్భంలో శిశువు చేతివేళ్ళు విడివడేది వాటి మధ్యనున్న కణాలు చనిపోవడం వల్లనే. ఇది శరీరం తానే క్రమపద్ధతిలో జరిపించే మరణం. దీనికి 1972లో కెర్, వైలీ, కర్రీ అనే శాస్త్రజ్ఞులు 'అపోప్టోసిస్' అని పేరు పెట్టారు. చెట్టు ఆకులు రాలడం అనే అర్థం వచ్చే గ్రీకు మాట అది. నెక్రోసిస్ అలా కాదు. రక్తం ఆగిపోతే ఆక్సిజన్ అందదు, కణంలో శక్తి ఉత్పత్తి నిలిచిపోతుంది. సోడియాన్ని బయటికి పంపే పంపు ఆగుతుంది. నీరు లోపలికి చేరి కణం ఉబ్బుతుంది, చివరకు పొర చిట్లి లోపలి పదార్థాలు బయటికి వస్తాయి. చుట్టుపక్కల వాపు మొదలవుతుంది.

ఈ కారిపోవడమే వైద్యుడికి ఆధారం కూడా. గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు రక్తంలో 'ట్రోపోనిన్' పరీక్ష ఎందుకు చేస్తారో ఇప్పుడు ఊహించగలరు. అది గుండె కండరంలో ఉండవలసిన ప్రోటీన్. రక్తంలో దాని మోతాదు పెరిగిందంటే గుండె కండర కణాలు దెబ్బతిన్నాయని అర్థం. ధమని పూర్తిగా మూసుకుపోయిన 20 నుంచి 40 నిమిషాలలోనే గుండె కండరంలో తిరిగి కోలుకోలేని నష్టం మొదలవుతుంది. మెదడు కొన్ని నిమిషాలే ఓర్చుకుంటుంది. కాలి కండరాలు మాత్రం కొన్ని గంటలు తట్టుకుంటాయి.

చనిపోయిన కణజాలం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. గుండెలో అది కొంతకాలం గట్టిగానే ఉంటుంది, మెదడులో ద్రవంగా మారుతుంది, టి.బి.లో జున్నులా తయారవుతుంది.

మరి గాంగ్రీన్? కాలు, వేలు, పేగు వంటి పెద్ద భాగం మృతి చెంది కంటికి కనిపించే స్థితికి వస్తే ఆ మాట వాడతారు. అంటే ప్రతి గాంగ్రీన్‌లోనూ నెక్రోసిస్ ఉంటుంది, ప్రతి నెక్రోసిస్ గాంగ్రీన్ కాదు. మధుమేహ రోగుల పాదాల్లో ఇది ఎక్కువగా చూస్తాం. నరాలు మొద్దుబారడంతో ముల్లు గుచ్చుకున్నా తెలియదు. రక్తనాళాలు సన్నబడడంతో పుండు మానదు. అక్కడికి సూక్ష్మజీవులు చేరతాయి. "మంచి మందులు ఇస్తే సరిపోదా, వేలు ఎందుకు తీయాలి?" అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మందును మోసుకెళ్ళేది రక్తం. చనిపోయిన భాగానికి రక్తమే చేరనప్పుడు మందు ఎలా చేరుతుంది? అందుకే మృత కణజాలాన్ని కోసి తొలగిస్తారు. దీన్ని 'డిబ్రైడ్‌మెంట్' అంటారు.

2021లో మనదేశంలో అందరి నోటా వినిపించిన 'బ్లాక్ ఫంగస్' సంగతి చూడండి. ఆ వ్యాధి అసలు పేరు మ్యూకర్‌మైకోసిస్. నలుపు ఆ ఫంగస్‌ది కాదు. అది రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసివేస్తుంది, రక్తం అందక ముక్కు, అంగిలి భాగాలు చనిపోయి నల్లబడతాయి. పేరు ఫంగస్‌కు పెట్టారు, రంగు నెక్రోసిస్‌ది!

పాముకాటు విషయంలోనూ ఈ పదం అవసరం. నాగుపాము, రక్తపింజర విషాలు కాటు వేసినచోట కణజాలాన్ని చంపగలవు. దానికి తోడు కాలికి తాడు బిగించి కడితే రక్తప్రసరణ కూడా ఆగి, విషం చేయని నష్టం తాడు చేస్తుంది. ఇప్పుడు వైద్యులు బిగించి కట్టవద్దనే చెబుతున్నారు. కాలు కదలకుండా ఉంచి, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. ఎవరైనా అప్పటికే కట్టేసి ఉంటే, దాన్ని ఆసుపత్రిలో వైద్యుల సమక్షంలోనే విప్పాలి.

ఇక ఎముక. అది కూడా సజీవ కణజాలమే కాబట్టి దానికీ ఈ మరణం తప్పదు. తుంటి కీలులో తొడ ఎముక తలకు రక్తం తీసుకెళ్ళేవి చిన్న నాళాలు. ఎముక విరిగినా, స్టెరాయిడ్లు పెద్ద మోతాదులో వాడినా, మద్యం అతిగా తాగినా ఆ సరఫరా దెబ్బతినవచ్చు. దీన్ని 'ఎవాస్కులర్ నెక్రోసిస్' అంటారు. రిపోర్టుల్లో 'ఎ.వి.ఎన్.' అని రాస్తారు. తొలిదశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎం.ఆర్.ఐ.లో బయటపడుతుంది.