పట్నం మునిసిపల్ ఓట్లు – పల్లెకు తగిలే సెగ

(మా విలేఖరి)

పెద్ద కొడప్‌గల్ : మన ఊరి రోడ్డు మీద నిలబడి ఒక దిక్కు బస్సెక్కితే పిట్లం, జోగిపేట, సంగారెడ్డి మీదుగా హైదరాబాదు చేరుతాం. రెండో దిక్కు ఎక్కితే మద్నూరు, దెగ్లూరు దాటి నాందేడు చేరుతాం. ఈ రోడ్డు పేరు 161వ నెంబరు జాతీయ రహదారి. దీని మీద రెండు దిక్కులా పోతే నగర పాలక సంస్థలున్నాయి. వాటిలో మనకు ఓటు లేదు. అయినా అక్కడ కార్పొరేటర్ల ఎన్నికలు జరిగినప్పుడల్లా ఇక్కడి హోటళ్ళలో చాయ్ చల్లారేదాకా చర్చ సాగుతూనే ఉంటుంది.

"పట్నంలో మోరీలు తీసేవాళ్ళ ఓట్లు మనకెందుకు?" అని విసుక్కునేవారూ లేకపోలేదు. అయితే మోరీల కోసం జరిగే ఈ ఎన్నికలు అనేకసార్లు ఢిల్లీ దాకా చప్పుడు చేశాయి. ఆ చరిత్రను ఒకసారి తిరగేస్తే పల్లెవాసులకూ ఇందులో పని ఉన్నదని తేటతెల్లమవుతుంది.

మునిసిపాలిటీ నుంచి ఢిల్లీకి

మన దేశంలో పట్టణాల పాలన పట్టణ ప్రజల చేతికి రావాలని 1882లో వైస్రాయి రిప్పన్ దొర తీర్మానం చేశారు. అప్పట్లో ఓటు అందరికీ లేదు. ఆస్తి ఉన్నవారు, పన్ను కట్టేవారు మాత్రమే వేసేవారు. అయినప్పటికీ ఆ చిన్న వాకిలి గుండానే పెద్ద నాయకులు లోపలికి వచ్చారు.

1924లో శ్రీ చిత్తరంజన్ దాస్ కలకత్తా మేయరయ్యారు. అదే సంవత్సరం శ్రీ సుభాష్ చంద్ర బోస్ ఆ కార్పొరేషనుకు ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. ఆ రోజుల్లోనే శ్రీ వల్లభ్‌భాయ్ పటేల్ అహమ్మదాబాదు మునిసిపాలిటీకి, శ్రీ జవహర్‌లాల్ నెహ్రూ అలహాబాదు మునిసిపాలిటీకి అధ్యక్షులుగా పనిచేశారు. అంతకుముందే 1917లో శ్రీ రాజగోపాలాచారి సేలం మునిసిపల్ ఛైర్మన్ అయ్యారు. తర్వాత దేశాన్ని ఏలిన పెద్దలు ముందు వీధి దీపాలు, నీటి గొట్టాలు, చెత్త బండ్ల లెక్కలు చూసినవారే కావడం విశేషం.

హైదరాబాదులో తొలి అడుగులు

మన నిజాం రాజ్యంలో మొదటి సాలార్ జంగ్ ప్రధానిగా ఉండగా 1869లో హైదరాబాదుకు మునిసిపల్ పాలన వచ్చింది. 1933లో చాదర్‌ఘాట్ మునిసిపాలిటీని కలిపి కార్పొరేషన్ చేశారు. మరుసటి సంవత్సరం తొలిసారి ఎన్నికలు జరిగాయి. 1942లో కార్పొరేషన్ హోదా పోయింది. పోలీసు చర్య తర్వాత 1950లో తిరిగి వచ్చింది. 1951లో శ్రీ మాడపాటి హనుమంతరావు మేయరయ్యారు.

ఇక్కడ మన రోడ్డుకు ఒక సంబంధం ఉంది. 1930లో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ రహదారి మీది జోగిపేటలోనే. తెలుగు చదువు కోసం, పౌరహక్కుల కోసం ఆ ఉద్యమాన్ని నిలబెట్టినవారిలో మాడపాటివారు ముఖ్యులు. ప్రజాపాలన వచ్చిన వెంటనే ఆయనకు నగర పీఠం దక్కడం ఆ కాలపు మార్పుకు గుర్తుగా నిలిచింది. 1962లో రాణి కుముదినీ దేవి మేయరై, ఆ పదవి ఒక మహిళకు దక్కేలా చేశారు.

1960లో హైదరాబాదు, సికిందరాబాదు కార్పొరేషన్లు ఒకటయ్యాయి. ఆ ఏడాది ఎన్నికలలో మల్లేపల్లి నుంచి మజ్లిస్ తరఫున గెలిచిన యువకుడు శ్రీ సలావుద్దీన్ ఒవైసీ. 1962లో ఆయన శాసనసభకు, 1984లో లోకసభకు వెళ్ళారు. గల్లీలో మొదలైన ప్రయాణం ఢిల్లీలో తేలిందనడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ లేదు.

గాలి ఎటు వీస్తుందో చెప్పిన ఓట్లు

1959లో మద్రాసు కార్పొరేషన్ ఎన్నికలలో ద్రవిడ మున్నేట్ర కజగం పెద్ద పార్టీగా వచ్చి మేయరు పదవి చేజిక్కించుకుంది. 8 సంవత్సరాలు తిరిగేసరికి, 1967లో, ఆ పార్టీ రాష్ట్రాన్నే గెలిచింది. కలకత్తాలోనూ ఇదే తంతు. 2010లో తృణమూల్ కాంగ్రెస్ కార్పొరేషన్ గెలిచింది. మరుసటి సంవత్సరం వామపక్షాల 34 ఏళ్ళ ప్రభుత్వం పడిపోయింది.

మన తెలుగు గడ్డ మీద 1981లో రెండు నగరాలు దేశం దృష్టిని ఆకర్షించాయి. విజయవాడలో కమ్యూనిస్టులు నెగ్గారు. విశాఖపట్నంలో భారతీయ జనతా పార్టీ నెగ్గి శ్రీ ఎన్.ఎస్.ఎన్. రెడ్డి మేయరయ్యారు. ఆ పార్టీ పుట్టి అప్పటికి ఏడాది మాత్రమే అయింది. 1984 లోకసభ ఎన్నికలలో దానికి దేశం మొత్తంలో దక్కింది 2 స్థానాలే. అందులో ఒకటి మన హనుమకొండ. ఉత్తరాది పార్టీ అనిపించుకున్న దానికి తెలుగు పట్టణాలు ముందే చోటిచ్చాయన్న మాట.

ఇక రోడ్డు రెండో దిక్కుకు వద్దాం. 2012లో నాందేడు నగర పాలక సంస్థ ఎన్నికలలో 81 స్థానాలకు గాను మజ్లిస్ 11 గెలిచింది. హైదరాబాదు పార్టీ మహారాష్ట్రలో కాలు మోపింది అక్కడే. 2014లో ఆ రాష్ట్ర శాసనసభలో 2 స్థానాలు, 2019లో ఔరంగాబాదు లోకసభ స్థానం ఆ పార్టీకి దక్కాయి. అయితే 2017లో నాందేడు ఓటర్లే ఆ పార్టీకి ఒక్క స్థానం కూడా ఇవ్వలేదు. 73 స్థానాలు కాంగ్రెసుకు కట్టబెట్టారు. పట్టణ ఓటరు ఎవరి జేబులోనూ ఉండడని దీనివల్ల తెలుస్తున్నది.

ఎన్నికలే లేని పదేళ్ళు

ఇంత ప్రాముఖ్యం ఉన్న ఎన్నికలను ప్రభుత్వాలు వాయిదా వేసిన సందర్భాలూ తక్కువేమీ కాదు. హైదరాబాదులో 1986లో ఎన్నికైన మండలి కాలం 1991లో ముగిసింది. మళ్ళీ ఎన్నికలు 2002లో గాని జరగలేదు. నడుమ ప్రత్యేకాధికారుల పాలన. 5 సంవత్సరాలకొకసారి ఎన్నికలు జరిపి తీరాలని చెప్పిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చినా రాజధాని నగరంలోనే అది 9 ఏళ్ళు కాగితం మీద ఉండిపోవడం గమనార్హం.

ఆ జబ్బు ఇప్పటికీ పూర్తిగా నయం కాలేదు. మన గ్రామ పంచాయతీల కాలం 2024 ఫిబ్రవరి 1తో ముగిస్తే ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. రాష్ట్రంలోని చాలా పురపాలక సంఘాల గడువు 2025 జనవరిలో ముగిసి, ఏడాదికి పైగా అధికారుల చేతిలో నడిచాయి. ఎన్నికైన పాలకవర్గం లేని చోట కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. వీధి దీపం కాలిపోతే ఎవరి ఇంటి తలుపు తట్టాలో ప్రజలకు తెలియదు. తమకు గెలుపు నమ్మకం కుదిరినప్పుడే ఎన్నికలు పెట్టే అలవాటు ఏ పార్టీ ప్రభుత్వానికైనా మంచిది కాదు.

మోరీ ఎక్కడ, మాట ఎక్కడ?

2007లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాదు చేశారు. 2009లో 150 వార్డులకు ఎన్నికలు జరగ్గా ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు. 2016లో తెలంగాణ రాష్ట్ర సమితికి 99 స్థానాలు వచ్చాయి.

2020 అక్టోబరులో కురిసిన కుండపోత వానకు నగరంలో వందలాది బస్తీలు మునిగాయి. నాలాల మీద ఇళ్ళు, పూడిపోయిన చెరువులు అసలు కారణమని అందరూ ఒప్పుకున్నారు. ఆ నీళ్ళ మరకలు గోడల మీద ఆరకముందే డిసెంబరు 1న ఓట్లు వచ్చాయి. కేంద్ర హోం మంత్రి శ్రీ అమిత్ షా, భాజపా అధ్యక్షుడు శ్రీ నడ్డా, ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ యోగి ఆదిత్యనాథ్ నగర వీధుల్లో ప్రచారం చేశారు. నగరం పేరు మార్చే మాట వచ్చింది, సర్జికల్ స్ట్రైక్ మాట వచ్చింది. నాలాల మాట మాత్రం ఆ గోలలో వెనక్కి పోయింది.

ఫలితాలలో భాజపాకు 48 స్థానాలు రావడంతో దేశమంతా మారుమోగింది. అంత హడావుడి జరిగినా ఓటు వేసినవారు నూటికి 46 మందే. 2009లో 42 మంది, 2016లో 45 మంది. ఢిల్లీ పెద్దలు దిగివచ్చినా సగం నగరం గడప దాటి రాలేదు.

పోనీ ఆ ఫలితం జోస్యమైనా చెప్పిందా అంటే అదీ లేదు. 2023 శాసనసభ ఎన్నికలలో హైదరాబాదు జిల్లాలోని 15 స్థానాలలో భాజపాకు వచ్చింది ఒకటి. అక్కడ ఒక్క స్థానమూ గెలవని కాంగ్రెస్ రాష్ట్రంలో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. మద్రాసు, కలకత్తాలలో నిజమైన లెక్క మన దగ్గర తప్పింది.

నిజామాబాదులోనూ ఒక వింత జరిగింది. 2020 జనవరిలో 60 డివిజన్లకు 28 గెలిచి భాజపా మొదటి స్థానంలో నిలిచింది. మేయరు పదవి మాత్రం మజ్లిస్ మద్దతుతో తెరాసకు దక్కింది. పైన పార్టీల పొత్తులే కింద మేయరును నిర్ణయిస్తాయని ఓటరుకు అర్థమైంది.

కామారెడ్డి నేర్పిన పాఠం

అయితే అసలు పాఠం మన జిల్లా కేంద్రమే చెప్పింది. 2022 చివరలో కామారెడ్డి మునిసిపాలిటీకి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది. పట్టణంలో కలిపిన పల్లెల పంటభూములు పారిశ్రామిక ప్రాంతంగా, కొత్త రోడ్లుగా కాగితాల మీద రంగులు మారాయి. భూమికి ధర పడిపోతుందని, అమ్మబోతే కొనేవాడుండడని రైతులు గుండెలు బాదుకున్నారు. 2023 జనవరి మొదటి వారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. వేలాది మంది కలెక్టరు కార్యాలయం ముందు బైఠాయించారు. చివరికి జనవరి 20న కౌన్సిల్ సమావేశమై ఆ ప్లాన్ వద్దని తీర్మానించింది.

అదే సంవత్సరం శాసనసభ ఎన్నికలకు అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావు, ఆ తర్వాత ముఖ్యమంత్రి అయిన శ్రీ రేవంత్ రెడ్డి ఇద్దరూ కామారెడ్డిలో నిలబడ్డారు. రైతుల ఆందోళనలో వెంట నడిచిన భాజపా అభ్యర్థి శ్రీ కాటిపల్లి వెంకటరమణారెడ్డి 6,741 ఓట్ల ఆధిక్యంతో ఇద్దరినీ ఓడించారు. దానికి మాస్టర్ ప్లాన్ ఒక్కటే కారణమనడం సరికాదు. కాని ఆ మంట రగిలింది మాత్రం పార్లమెంటులో కాదు, మునిసిపల్ కాగితాలలో.

ఢిల్లీ నాయకులు నగరానికి వచ్చి ప్రసంగించినంత మాత్రాన మునిసిపల్ ఎన్నికకు జాతీయ ప్రాముఖ్యం రాదు. కింద మోరీ, నల్లా, భూమి సంగతి పట్టించుకోకపోతే పైన కుర్చీ కదులుతుంది. దాని ప్రాముఖ్యమంతా అక్కడే ఉంది.

మన ఊరికి ఏమిటి?

మన మండలం నుంచి ఎందరో కూలికి, మేస్త్రీ పనికి, కాపలా పనికి పట్నం పోయారు. వాళ్ళ ఓటు ఇక్కడ ఉంది, బతుకు అక్కడ ఉంది. చట్ట ప్రకారం ఓటు ఒక్కచోటే ఉండాలి. సర్పంచి ఎన్నికలకు బస్సుల్లో వచ్చి వేసిపోతారు. కాని ఏడాదిలో పదకొండు నెలలు ఏ గుడిసెలో ఉంటారో ఆ గుడిసె ముందు మురుగు గురించి అడగడానికి వాళ్ళకు నోరు లేదు. ఓటు లేనివారి బస్తీకి కార్పొరేటరు ఎందుకు వస్తాడు? నగరంలో సగం మంది ఓటు వేయకపోవడం ఒక ఎత్తు, వేయాలన్నా లేనివారు మరొక ఎత్తు. అక్కడే స్థిరపడినవారు ఓటు అక్కడికి మార్చుకోవడం గురించి ఇంట్లో కూర్చుని ఆలోచించాలి.

పట్నం మన దగ్గరికీ నడిచి వస్తున్నది. బాన్సువాడ 2018లో మునిసిపాలిటీ అయింది. పక్కనే ఉన్న బిచ్కుందను 2025లో మునిసిపాలిటీ చేశారు. పంచాయతీ మునిసిపాలిటీగా మారితే ఉపాధి హామీ పనులు పోతాయి, ఇంటి పన్ను, అనుమతుల పద్ధతి మారుతుంది, భూమికి మాస్టర్ ప్లాన్ వస్తుంది. ఆ మార్పు మన గడప దాకా వచ్చేనాటికి మనం సిద్ధంగా ఉండాలి.

ఎన్నికల సమయంలో వార్డుకు వచ్చిన అభ్యర్థిని ఢిల్లీ సంగతి అడిగితే గంటసేపు చెబుతాడు. ప్లాన్ కాగితంలో నా చేను ఏ రంగులో ఉంది, మోరీ ఎప్పుడు కడతావు, నల్లా నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి ఇస్తావు అని అడగాలి. దానికి జవాబు రాబట్టిన ఓటరే గట్టివాడు. కామారెడ్డి రైతులు ఆ ప్రశ్న కాస్త ఆలస్యంగా అడిగారు, ప్రాణనష్టం కూడా చూశారు. మనం ముందే అడగడం మేలు.